ఏ ఎంసీ కార్ట్‌రిడ్జ్ కొనాలి అనేముందు: సూది మొన, ఆర్మ్, ఫోనో స్టేజ్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ ఉంది, దాని ఆర్మ్ చివర ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్‌రిడ్జ్ (సూది కదలికను కరెంటుగా మార్చే ముక్క), యాంప్‌లోనే ఉన్న ఎంఎం (అయస్కాంతం కదిలే రకం) ఫోనో ఇన్‌పుట్. రికార్డు మొదట్లో బాగానే ఉంటుంది, లేబుల్ దగ్గరి చివరి పాటకు వచ్చేసరికి గొంతులో స, ష, చ పలికిన చోటల్లా గరగరమంటోంది. ఈ బాధ పడలేక ఒకేసారి పెద్ద ఎంసీకి (కాయిల్ కదిలే రకం కార్ట్‌రిడ్జ్‌కి) వెళ్లిపోదామని డెనాన్ డీఎల్-103, హానా ఎంఎల్, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్న రాతి బాడీ కోయెట్సు లిస్టులో పెట్టుకుని ఏది కొనమంటారు అని అడిగారు.

హానా ఎంఎల్ కొనండి. కానీ ఇప్పుడే కాదు, ఫోనో స్టేజ్ (కార్ట్‌రిడ్జ్ ఇచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే పెట్టె) లేకుండా అసలు కాదు. ఎందుకో చెప్తాను, కాస్త పెద్దగానే ఉంటుంది.

ముందు ఆ గరగర సంగతి, ఎందుకంటే మీ డబ్బు ఎటు పోవాలో అదే చెప్తుంది. రికార్డు నిమిషానికి 33⅓ తిరుగుళ్లు తిరుగుతుంది, మొదట్లో అయినా చివర్లో అయినా అంతే. కానీ బయటి గాడి చుట్టుకొలత పెద్దది, లోపలిది చిన్నది. అందుకని సూది కింద గాడి కదిలే వేగం మొదట్లో సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లుంటే, చివర్లో 21కి పడిపోతుంది. 10 కిలోహెర్ట్జ్ శబ్దం తీసుకుంటే, అంటే సుమారుగా మీ స, ష ఉండే చోటు, బయటి గాడిలో ఒక్కో అల 51 మైక్రాన్ల పొడవుంటుంది, లోపల అదే అల 21 మైక్రాన్లలోకి కుదించుకుపోతుంది. ఇప్పుడు సూది మొనలు చూడండి. డీఎల్-103ది గుండ్రటి మొన, దాని వ్యాసార్ధం 16.5 మైక్రాన్లు. మీ వీఎం95ఈది ఎలిప్టికల్ (కోలగా ఉండేది), గాడి గోడకు ఆనే అంచు వ్యాసార్ధం సుమారు 7.6. హానా ఎంఎల్‌లో ఉండే మైక్రోలైన్ అనే సన్నటి మొనకు అది 3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. లారీ చక్రం చిన్న గుంతలోకి దిగకుండా పైపైన దాటిపోయినట్టు, 16.5 మైక్రాన్ల మొన 21 మైక్రాన్ల అల లోపలికి దిగలేదు. దిగలేనిచోట మీకు వినిపించేది పాట కాదు, డిస్టార్షన్.

అందుకే డీఎల్-103ని మీ లిస్టులోంచి తీసేయమంటున్నాను. చెడ్డదని కాదు. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960లలో తయారైన కార్ట్‌రిడ్జ్ అది, ఇన్నేళ్లయినా బతికే ఉందంటే ఊరికే కాదు, మధ్యస్థాయిలో దానికున్న ఒంటిబలం చాలా ఖరీదైన కార్ట్‌రిడ్జ్‌లకు కూడా ఉండదు. కానీ మీరు వదిలించుకోవాలనుకుంటున్న జబ్బుకు అది మందు కాదు, ఇంకాస్త పెంచుతుంది. గుండ్రటి మొనతో బతకడం తెలిసినవాళ్లు, పాత మోనో రికార్డులు ఎక్కువున్నవాళ్లు దాన్ని ఇష్టపడితే అర్థముంది.

ఇంకో మాట. ఆడియో-టెక్నికా వాళ్లే చెప్పే లెక్క ప్రకారం ఎలిప్టికల్ సూది ఆయుష్షు 300 గంటలు, మైక్రోలీనియర్‌ది (మైక్రోలైన్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు) 1000 గంటలు. 300 గంటలంటే రోజుకో రికార్డు వింటే ఏడాది దాటేసరికి అయిపోతుంది. మీరు ఆ కార్ట్‌రిడ్జ్ కొని ఎన్నాళ్లయిందో రాయలేదు. సూది అరిగిపోయి ఉంటే పైన చెప్పిన జ్యామితి అంతా తర్వాతి సంగతి, అరిగిన మొనతో ఆడించినకొద్దీ గాడి గోడలే దెబ్బతింటాయి, ఆ దెబ్బ మళ్లీ బాగుపడదు. (రికార్డుల మీద వేలు ఖర్చుపెట్టి సూది మార్చడానికి మాత్రం వెనకాడేవాళ్లు చాలామందిని చూశాను, అదేం లెక్కో నాకిప్పటికీ అర్థం కాదు.)

కాబట్టి మొదటి అడుగు చాలా చవక. వీఎం95 వరసలో సూదులు ఒకదానికొకటి సరిపోతాయి. బాడీ అలాగే ఉంచి, మైక్రోలీనియర్ మొన ఉన్న వీఎం95ఎంఎల్ సూది ఒక్కటి తెచ్చి పాత సూది లాగేసి ఇది తోసేయండి. బోల్టులు విప్పక్కర్లేదు. అదే బాడీ, అదే యాంప్, మొన ఒక్కటే మారింది. చివరి పాటలో గరగర సగానికి పైగా తగ్గిపోతే మీ సమస్య మొన ఆకారమే అని తేలిపోయినట్టు. తగ్గకపోతే రెండు అనుమానాలు: కార్ట్‌రిడ్జ్ సరిగ్గా కూర్చోలేదు, లేదా ఆ రికార్డులు ఇప్పటికే పాడైపోయాయి. ఆ రెండింటినీ కోయెట్సు కూడా ఏమీ చేయలేదు. సన్నటి మొన గాడి గోడను కొంచెం వేరే ఎత్తులో తాకుతుంది కాబట్టి పాత సూది అరగదీయని చోటు దొరికి కొన్ని రికార్డులు అనుకోకుండా బాగా వినిపిస్తాయి, అది అదృష్టం అనుకోండి, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

షిబాటా మొన సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి చెప్పేస్తాను. 1970లలో జేవీసీ వాళ్ల సీడీ-4 అనే నాలుగు ఛానెళ్ల రికార్డుల్లో 30 కిలోహెర్ట్జ్ కారియర్ (చెవికి అందని మోసే తరంగం) మీద సమాచారం ఉండేది, అది చదవడానికి పుట్టిన మొన అది. నాలుగు ఛానెళ్లు పోయాయి, మొన మిగిలింది. బాగుంటుంది. మైక్రోలైన్‌కూ దానికీ మధ్య మీరు తల పట్టుకోవాల్సినంత తేడా లేదు, ఎలిప్టికల్ నుంచి ఈ రెండింట్లో దేనికి వెళ్లినా అదే పెద్ద మెట్టు.

ఇప్పుడు ఆర్మ్ దగ్గరికొద్దాం. కార్ట్‌రిడ్జ్ కొనేటప్పుడు జనం మిగతా అంకెలన్నీ చూస్తారు, కంప్లయన్స్ అనే అంకె మాత్రం చూడరు. సూదిని పట్టుకున్న రబ్బరు సస్పెన్షన్ ఎంత మెత్తగా ఉందో చెప్పే అంకె అది. ఆర్మ్ బరువు, ఆ రబ్బరు మెత్తదనం కలిసి ఒక స్ప్రింగు లాంటి వ్యవస్థ అవుతుంది, దానికో సొంత ఊగుడు ఉంటుంది. ఆ ఊగుడు 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. అంతకన్నా కిందికి పోతే వంకర రికార్డు మీద ఆర్మ్ తేలిపోతుంది, స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊగడం కంటికే కనిపిస్తుంది. పైకి పోతే బేస్‌లో అడ్డం పడుతుంది. లెక్క తేలికే. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (సూది దగ్గర తెలిసే ఆర్మ్ బరువు), కార్ట్‌రిడ్జ్ బరువు, బోల్టుల బరువు గ్రాముల్లో కలపండి, దాన్ని కంప్లయన్స్‌తో గుణించండి, వర్గమూలం తీయండి, 159ని దాంతో భాగించండి. వచ్చేది హెర్ట్జ్.

ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ను ఎక్కువగా 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి రాస్తాయి, మన లెక్కకు కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరిది. అందుకని వాళ్ల అంకెను సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవాలి. హానా ఎంఎల్‌కు 10 అని రాసి ఉంటుంది, 17 అనుకోండి. మీ టెక్నిక్స్ ఆర్మ్ దాదాపు 12 గ్రాములు, కార్ట్‌రిడ్జ్ 9.5, బోల్టులు 1, మొత్తం 22.5. గుణించి, వర్గమూలం తీసి భాగిస్తే 8.1 హెర్ట్జ్. రాసి ఉన్న 10తోనే లెక్క వేస్తే 10.6. ఏ లెక్కన చూసినా గీత లోపలే ఉంది. డీఎల్-103కి 5 అని ఉంటుంది, దాన్ని అలాగే వాడితే 15 దాటి భయపెడుతుంది, సవరించి 8.5 అనుకుంటే 11.8 వస్తుంది. '103కి బరువైన ఆర్మ్ కావాలి' అని అందరూ అనేది దీనివల్లే. మాట నిజమే, కానీ మీ ఆర్మ్ మీద అసలు పనిచేయదన్నంత ఏమీ లేదు, కాస్త బరువైన హెడ్‌షెల్ (కార్ట్‌రిడ్జ్‌ను బిగించే, ఆర్మ్ చివరి ముక్క) వేస్తే సరిపోయేది. ఇదంతా ఉజ్జాయింపే, అర హెర్ట్జ్ కోసం నిద్ర పాడుచేసుకోకండి.

తర్వాత ఫోనో స్టేజ్. మీరు అస్సలు లెక్కలోకి తీసుకోనిది ఇదే, అసలు ఖర్చు కూడా ఇక్కడే ఉంది. మీ వీఎం95ఈ 4 మిల్లీవోల్టులు ఇస్తుంది. యాంప్‌లోని ఎంఎం ఇన్‌పుట్ మామూలుగా 40 డీబీ, అంటే వంద రెట్లు పెంచుతుంది, 400 మిల్లీవోల్టులు అవుతుంది, హాయిగా వింటారు. హానా ఎంఎల్ ఇచ్చేది 0.4 మిల్లీవోల్టు. అదే ఇన్‌పుట్‌కు తగిలిస్తే 40 మిల్లీవోల్టులే వస్తాయి, వాల్యూమ్ మొత్తం తిప్పినా పాట కన్నా హిస్ (సుయ్‌మనే రొద) ఎక్కువ వినిపిస్తుంది. దానికి 60 డీబీ, అంటే వెయ్యి రెట్లు కావాలి. ఆ వెయ్యి రెట్లలో యాంప్ సొంత రొద కూడా పెరుగుతుంది కాబట్టి చవక ఎంసీ స్టేజ్‌కు ఖరీదైన ఎంసీ కార్ట్‌రిడ్జ్ తగిలించడం శుద్ధ దండగ. నన్నడిగితే కార్ట్‌రిడ్జ్‌కు ఎంత అనుకున్నారో కనీసం అంత ఫోనో స్టేజ్‌కు పక్కన పెట్టుకోండి. అంత లేదంటే కార్ట్‌రిడ్జ్‌లో ఒక మెట్టు దిగండి, స్టేజ్‌లో దిగకండి.

అంకెలు పోల్చేటప్పుడు ఒకటి గమనించండి. కొందరు అవుట్‌పుట్‌ను సూది అటూ ఇటూ ఊగే వేగం సెకనుకు 5 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు, కొందరు 3.54 దగ్గర. రెండోదాన్ని మొదటిదాంతో పోల్చాలంటే 1.41తో గుణించుకోవాలి. స్పెసిఫికేషన్ షీట్‌లో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ అనే దారి కూడా ఉంది, నాకు వ్యక్తిగతంగా అదే ఇష్టం. ఉన్న ఎంఎం ఇన్‌పుట్ బాగున్నదైతే దాని ముందు 1:10 ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 20 డీబీ వస్తుంది, కరెంటు అక్కర్లేదు, హిస్ ఉండదు. 0.4 కాస్తా 4 మిల్లీవోల్టులై మీ యాంప్‌కు అలవాటైన చోటే నిలబడుతుంది. ఎంఎం ఇన్‌పుట్‌లోని 47 కిలోఓమ్స్ రెసిస్టెన్స్ కూడా టర్న్స్ (చుట్ల) నిష్పత్తి వర్గంతో భాగమై కార్ట్‌రిడ్జ్‌కు 470 ఓమ్స్‌లా కనిపిస్తాయి. హానా కాయిల్ 8 ఓమ్స్, దానికి 470 ఇబ్బంది లేదు. 1:20 పెడితే అవి 117 ఓమ్స్ అవుతాయి, అవుట్‌పుట్ 8 మిల్లీవోల్టులకు దగ్గరగా పోతుంది, గట్టి పాసేజ్‌లలో కొన్ని ఎంఎం ఇన్‌పుట్‌లు తట్టుకోలేవు. ఎక్కువ రెట్లు ఉంటే మంచిదనుకోకండి. ట్రాన్స్‌ఫార్మర్‌తో వచ్చే తలనొప్పి హమ్ (బుయ్‌మనే రొద). యాంప్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా జరిపి, అటూ ఇటూ తిప్పి హమ్ తక్కువున్న కోణం వెతుక్కోవాలి.

ఇవేవీ కొనే ఉద్దేశం లేదంటే హై-అవుట్‌పుట్ హానా ఎంహెచ్ ఉంది, 2 మిల్లీవోల్టులు, 47 కిలోఓమ్స్ లోడ్, అదే మైక్రోలైన్ మొన. మీ యాంప్‌కే తగిలించుకోవచ్చు, శబ్దం 6 డీబీ తగ్గుతుంది అంతే. అంత అవుట్‌పుట్ రావాలంటే కాయిల్‌లో చుట్లు ఎక్కువుండాలి, కదిలే బరువు పెరుగుతుంది, ఎంఎల్‌కున్న ఆ చురుకు కాస్త మందగిస్తుంది. సర్దుకుపోదగ్గ రాజీ.

లోడింగ్ (యాంప్ వైపు నుంచి కార్ట్‌రిడ్జ్‌కు తగిలే రెసిస్టెన్స్, కెపాసిటెన్స్) గురించి రెండు ముక్కలే. ఎంఎంకు కెపాసిటెన్స్ ముఖ్యం, ఎంసీకి రెసిస్టెన్స్. మీ వీఎం95 కాయిల్ 550 మిల్లీహెన్రీలు, దానికి కేబుల్, యాంప్ కలిపి 250 పికోఫారడ్లు తగిలితే 13.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక రెజొనెన్స్ (శబ్దం ఆ చోట ఉబ్బడం) వస్తుంది, 150కి దించితే అది 17.5కి జరుగుతుంది. ఆడియో-టెక్నికా 100 నుంచి 200 మధ్య ఉండమంటుంది. మీ స, ష ఘాటులో కొంత వాటా దీనిది కూడా అయ్యుండొచ్చు, టర్న్‌టేబుల్ నుంచి యాంప్‌కు పొడవాటి కేబుల్ వాడుతుంటే పొట్టిది, కెపాసిటెన్స్ తక్కువున్నది వేసి చూడండి. ఎంసీలో ఇండక్టెన్స్ చాలా తక్కువ కాబట్టి ఈ రెజొనెన్స్ చెవికి అందనంత పైకి, రేడియో తరంగాల దాకా వెళ్లిపోతుంది. అయినా లోడ్ మారిస్తే శబ్దం మారినట్టు వినిపిస్తుందంటే చాలావరకు ఆ పై రెజొనెన్స్‌ను మీ ఫోనో స్టేజ్ ఎలా తట్టుకుంటోందన్నదే. కాయిల్ రెసిస్టెన్స్‌కు కనీసం పది రెట్ల దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చినచోట ఆపండి.

ఇక కోయెట్సు. మోజు నాకూ తెలుసు, ఓనిక్స్ రాయిలో తొలిచిన ఆ బాడీని చూస్తే ఎవరికైనా చెయ్యి లాగుతుంది, గొంతును, తీగ వాద్యాలను అది వినిపించే తీరు కూడా వేరే. కానీ సెకండ్‌హ్యాండ్ ఎంసీ అంటే కారు మీటర్ లేని కారు కొనడమే, ఎన్ని గంటలు ఆడిందో అమ్మేవాడి నోటిమాటే సాక్ష్యం. గంటలు నిజంగా తక్కువే అనుకున్నా, లోపలి రబ్బరు వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. ఎంఎంలో లాగా సూది లాగి కొత్తది తోయడం కుదరదు, కంపెనీ తీసుకుంటే కంపెనీకి పంపాలి, లేదంటే రీటిప్ చేసేవాళ్లకు (పాత బాడీకి కొత్త మొన పెట్టేవాళ్లకు) ఇవ్వాలి. రీటిప్పర్ వేరే కాంటిలీవర్ (మొనను మోసే సన్నటి కడ్డీ), వేరే మొన పెడితే వచ్చేది మీరు ఇష్టపడి కొన్న కార్ట్‌రిడ్జ్ శబ్దం కాదు, బాడీ మీద పేరు మాత్రం అదే ఉంటుంది. పైగా రాతి బాడీ బరువెక్కువ, మీ ఆర్మ్ వెనక అదనపు బరువు తగిలించందే బ్యాలెన్స్ కాకపోవచ్చు. అన్నీ తెలిసి కూడా కొంటానంటే కాంటిలీవర్‌ను పక్కనుంచి, ఎదురుగా దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి, పక్కకు వంగి ఉన్నా, రికార్డు మీద దించినప్పుడు కార్ట్‌రిడ్జ్ పొట్ట రికార్డుకు ఆనేంత కిందికి కూరుకున్నా వదిలేయండి. కాయిల్ బతికుందో లేదో చూస్తానని మల్టీమీటర్ పెట్టకండి, ఆ కరెంటు సన్నటి తీగకు మంచిది కాదు.

పై స్థాయి గురించి నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు ఉంటారు: నగ్న వజ్రపు (లోహపు ముక్కకు అతికించకుండా మొత్తం వజ్రంతోనే చేసిన) సన్నటి మొన, బోరాన్ కాంటిలీవర్, రెండు ఛానెళ్ల మధ్య అర డీబీ లోపు తేడా, ఇవి మూడూ ఉన్న చోటుకు చేరాక, ఆ పైన పెట్టే డబ్బులో ఎక్కువ భాగం బాడీ పదార్థానికి, చేతిపనికి, పేరుకు పోతుంది. తేడా లేదనను. ఉంది, వినిపిస్తుంది. కానీ సెటప్‌లో చిన్న పొరపాటు ఆ తేడా మొత్తాన్ని మింగేస్తుంది.

అందుకే సెటప్ మీద కాసేపు. సన్నటి మొన ఎంత వివరం తీస్తుందో అంత అలుగుతుంది కూడా. టెక్నిక్స్‌తో వచ్చే ప్లాస్టిక్ గేజ్‌తో పని జరుగుతుంది, కానీ నేనైతే 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర శూన్య బిందువులున్న (అంటే కార్ట్‌రిడ్జ్ గాడికి సరిగ్గా సమాంతరంగా నిలిచే రెండు చోట్లున్న) బేర్‌వాల్డ్ ప్రొట్రాక్టర్, అంటే కార్ట్‌రిడ్జ్ కోణం సరిచూసే గీతల కాగితం, వాడతాను. దాని ప్రకారం పెడితే కార్ట్‌రిడ్జ్ హెడ్‌షెల్‌లో కాస్త ముందుకు, కాస్త లోపలికి తిరిగి కూర్చుంటుంది, వంకరగా ఉందని కంగారుపడి సరిచేయకండి. ప్రింట్ తీస్తే స్కేలు పెట్టి కొలవండి, ప్రింటర్లు సైజు తగ్గించేస్తాయి. సూది బరువుకు డిజిటల్ త్రాసు కొనుక్కోండి, ఆర్మ్ వెనకున్న అంకెలను నమ్మొద్దు. హానాకు 2 గ్రాములు. బరువు తక్కువుంటే రికార్డు క్షేమం అనుకోవడం తప్పు, తక్కువ బరువులో సూది గాడిలో ఎగిరెగిరి పడుతుంది, గోడలు చెడేది అప్పుడే.

ఆర్మ్ ఎత్తు గురించి మాత్రం అతి చేయకండి. 230 మిల్లీమీటర్ల ఆర్మ్‌లో సూది కోణం ఒక్క డిగ్రీ మారాలంటే ఎత్తు 4 మిల్లీమీటర్లు మార్చాలి. మందం రికార్డుకు, పల్చటి రికార్డుకు మధ్య తేడా మిల్లీమీటర్ కూడా ఉండదు. ప్రతి రికార్డుకూ లేచి ఎత్తు మార్చేవాళ్లున్నారు, వాళ్ల ఓపికకు దండం. ఆర్మ్ రికార్డుకు సమాంతరంగా పెట్టి, విని, అవసరమైతే ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ చూస్తే చాలు. ఎదురుగా చూసినప్పుడు కార్ట్‌రిడ్జ్ పక్కకు ఒరగకూడదు, సూది కింద చిన్న అద్దం పెడితే ఇట్టే తెలుస్తుంది. మీ ఆర్మ్‌లో దీనికి అడ్జస్ట్‌మెంట్ లేదు, ఒరిగి ఉంటే తిప్పే వీలున్న హెడ్‌షెల్ వేసుకోవాలి.

సూదిని వెనక నుంచి ముందుకే తుడవండి, ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి కాదు. బోరాన్ వంగదు, పుటుక్కున విరుగుతుంది.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం వీఎం95ఎంఎల్ సూది, త్రాసు, ప్రొట్రాక్టర్. మూడు నాలుగు నెలలు విని, ఇంకా కావాలనిపిస్తే ఫోనో స్టేజ్ లేదా 1:10 ట్రాన్స్‌ఫార్మర్, దాంతోపాటు హానా ఎంఎల్. స్టేజ్ ఎంచుకునేటప్పుడు ఎంసీ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) 60 డీబీ దగ్గర ఉందా, లోడ్ 100 నుంచి 500 ఓమ్స్ మధ్య కనీసం రెండు చోట్ల పెట్టుకునే వీలుందా చూడండి. ఒకే లోడ్, అదీ 100 ఓమ్స్ మాత్రమే ఉన్నా హానాకు నడుస్తుంది. మీ యాంప్ మోడల్, కేబుల్ పొడవు రాస్తే ఆ ఎంఎం ఇన్‌పుట్ ముందు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం దండగో కాదో చెప్పగలను.